నల్ల అంబాసిడర్, తెల్ల కాంటెస్సా

పాత కార్ల గురించి మాట్లాడేవాళ్ళు ఇంజను దగ్గర మొదలుపెడతారు. ఏ సంవత్సరం తయారీ, లీటరుకి ఎంత ఇస్తుంది, ఎంత వేగం అందుకుంటుంది అని. నేను రెండు కార్లని కడుగుతూ పెరిగినదాన్ని. నాకు తెలిసింది సీట్లు, కాళ్ళ కింద పరిచే మ్యాట్లు, తలుపు సందుల్లో ఇరుక్కునే చెత్త. కాంటెస్సా తలుపు సందుల్లో అక్షింతలు దొరికేవి, ఎండిపోయిన బంతిరేకులు దొరికేవి. ఒకసారి ఎవరిదో వెండి మెట్టె దొరికితే బాబాయి పరిగెత్తుకెళ్ళి ఇచ్చొచ్చాడు. అంబాసిడర్‌లో ఏం దొరికేదో నాకు పూర్తిగా తెలియదు. నన్ను దాని దగ్గరికి రానిచ్చేముందు మా అమ్మ ఒకసారి వెనక సీటంతా తుడిచి, గుడ్డని పెరట్లో కాల్చేసేది.

మాది చిలకలూరిపేట. చుట్టూ పత్తి, మిరప. మా నాన్న, బాబాయి ఇద్దరూ టాక్సీ డ్రైవర్లే. ఒకే వాకిలి, రెండు వాటాల ఇల్లు. వాకిట్లో వేపచెట్టు కింద నాన్న నల్ల అంబాసిడర్, గేటు పక్కన రేకుల షెడ్డులో బాబాయి తెల్ల కాంటెస్సా. అసలు మొదట్లో ఇద్దరికీ కలిపి అంబాసిడర్ ఒక్కటే ఉండేది. ఒకరోజు ఈయన, ఒకరోజు ఆయన తోలేవారు. తొంభై ఆరులో గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి తన కాంటెస్సాని అమ్మకానికి పెట్టాడని తెలిసి, బాబాయి పిన్ని మెడలోవి తీసి దాన్ని తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి అంబాసిడర్ పూర్తిగా నాన్నదైంది.

అంబాసిడర్ అరవైల చివర్లో తయారైంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరుగారి దగ్గర ఇరవై ఏళ్ళు తిరిగి మా ఇంటికొచ్చింది. గేరు కర్ర స్టీరింగు కింద పక్కకి ఉండేది. ముందు సీటు మంచంలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పలక. ముగ్గురు హాయిగా, నలుగురు ఇరుకుగా కూర్చునేవాళ్ళం. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టించాడు నాన్న. అప్పటినుంచి అది ట్రాక్టరులాగా మోగేది. కాకపోతే పొట్ట నేలకి ఎత్తుగా ఉండటంతో వానాకాలంలో నల్లరేగడి బురదలోకి కూడా దిగేది, పైకి ఎక్కేది.

కాంటెస్సా దానికంటే ఇరవై ఏళ్ళు చిన్నది. పొడుగు బానెట్టు, ముఖమల్ సీట్లు, ముందు ఇద్దరికి విడివిడి కుర్చీలు, గేరు కింద. ఏసీ ఉండేది, పాటలకి టేపు ఉండేది. స్టార్ట్ చేస్తే చేసినట్టే తెలిసేది కాదు. బురద దారిలోకి దిగితే మాత్రం పొట్ట గీసుకునేది. అందుకని బాబాయి తారు రోడ్డు లేని ఊళ్ళకి వెళ్ళేవాడు కాదు. మా చుట్టుపక్కల పెళ్ళికొడుకు కూర్చోవాలంటే కాంటెస్సా. మాఘమాసం, ఫాల్గుణమాసం వస్తే దాన్ని నెల ముందే చెప్పుకోవాలి.

మరి అంబాసిడర్ ఎందుకు? అదే చెప్పబోతున్నాను.

తొంభై ఏడు చివర, తొంభై ఎనిమిది మొదట్లో మా వైపు పత్తి పోయింది. పచ్చపురుగు పట్టింది. ఏ మందు కొట్టినా చావలేదు. పొద్దున కొట్టిన మందు సాయంత్రానికి పురుగు ఒంటి మీద మెరుస్తూ ఉండేదట, అది మాత్రం కాయలో తల పెట్టి తింటూనే ఉండేదట. ఆ డబ్బాల్లో మిగిలిన మందు రైతులు తాగారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఏదో ఒక ఊరి నుంచి ట్రాక్టరు మీదో మంచం మీదో మోసుకుని పేట సెంటరుకి వచ్చేవారు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. స్టాండులో ఏడెనిమిది టాక్సీలు ఉండేవి. మంచం కనపడగానే ఒక డ్రైవరుకి టైరు పంక్చరయ్యేది, ఇంకొకడికి డీజిలు అయిపోయేది. సీటు పాడవుతుంది, పోలీసులు అడుగుతారు, దారిలో ప్రాణం పోతే బండి కడుక్కోవాలి. వాళ్ళ భయాలు వాళ్ళవి. నాన్న మాత్రం బీడీ పారేసి వెనక తలుపు తెరిచేవాడు.

నాన్న దయగల మనిషని చెబితే అబద్ధమవుతుంది. ఆయన నోరు చాలా చెడ్డది. ఇంట్లో కూర ఉప్పయితే కంచం తోసేసేవాడు. మందు తాగినవాళ్ళని కూడా దారి పొడుగునా తిట్టేవాడు. ఎందుకు తీసుకెళ్తావని అమ్మ అడిగితే, "తలుపు తియ్యకపోతే వాళ్ళు నా మొహాన్నే చూస్తా నిలబడతారు. ఆ చూపుకి తట్టుకోలేను" అన్నాడు.

నేనప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం సెలవులయ్యాక నన్ను బస్సెక్కించడానికి నాన్న బయల్దేరాడు. ట్రంకు పెట్టె డిక్కీలో పెట్టి ముందు సీట్లో కూర్చున్నాను. సెంటరు దాకా వచ్చేసరికి ఒక ట్రాక్టరు అడ్డం వచ్చి ఆగింది. ట్రక్కులో గోనెపట్టాల మీద నలభై ఏళ్ళ మనిషి. మూతి చుట్టూ నురగ. పక్కన ఆయన భార్య. ఆమె చీరంతా సబ్బునీళ్ళు. కక్కిద్దామని ఇంటి దగ్గరే పోసినట్టున్నారు. మాకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరివాళ్ళు వాళ్ళు.

నాన్న నావైపు చూశాడు. "దిగి బస్సెక్కుతావా?"

"నేనూ గుంటూరేగా నాన్నా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

మందు తాగిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టారు. అంబాసిడర్ వెనక సీటు వెడల్పు. ఆయన మోకాళ్ళు మడిచి సరిపోయాడు. భార్య తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కారు కదలగానే లోపలంతా ఆ మందు వాసన నిండిపోయింది. అది కిరసనాయిలు వాసనలాంటిది, వెల్లుల్లి వాసనలాంటిది. రెండూ కాదు.

"ఏరా, తాగేముందు పెళ్ళాం పిల్లలు గుర్తు రాలేదంట్రా?" నాన్న అద్దంలోంచి చూస్తూ అరిచాడు.

ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నిన్నే! కళ్ళు తెరువు. నిద్దరపోయావో కారాపి తంతా. ఎన్నెకరాలేశావు?"

"నాలుగు..." అని గొణిగాడు ఆయన.

"సొంతమా, కౌలా?"

"కౌలు..."

"కౌలుకి నాలుగెకరాలు పత్తేసే మొనగాడివి, మందు తాగుతావా? ఎంతమంది పిల్లలు? చెప్పు!"

ఆయన చెప్పే లోపల కక్కాడు. సీటు మీద, ఆమె ఒళ్ళో, డిక్కీలో ట్రంకు పక్కన చోటు లేక ముందు సీటు వెనక ఇరికించిన నా పుస్తకాల సంచీ మీద. కాసేపటికి ఊపిరి అందాక ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "సీటు పాడుచేశానన్నా..."

నాన్న ఆ మాటకి మొదటిసారి తిట్టలేదు. యాక్సిలరేటరు మీద కాలు అలాగే అదిమి పెట్టాడు.

గుంటూరు దగ్గరపడేసరికి మిర్చియార్డుకి వెళ్ళే లారీలు, ట్రాక్టర్లు రోడ్డంతా నిలబడిపోయి ఉన్నాయి. టిక్కీ బస్తాలు పగిలి ఎక్కడో మిరపకాయ రోడ్డు మీద పడి టైర్ల కింద నలిగినట్టుంది. ఘాటుకి అందరం దగ్గడం మొదలుపెట్టాం. కళ్ళలోంచి నీళ్ళు. వెనక సీట్లో అప్పటిదాకా గుడ్లు తేలేస్తున్న మనిషి కూడా గట్టిగా దగ్గాడు. "దగ్గరా! ఇంకా దగ్గు!" అని నాన్న కేకలేస్తూ కారుని రోడ్డు దించి మార్జిన్లో, గుంటల్లో, హారను మీద చెయ్యి తియ్యకుండా తోలాడు. కారు పడవలాగా ఊగింది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. ఆమె చెయ్యి. పెద్దాసుపత్రి గేటు దాకా వదల్లేదు. తర్వాత వారం రోజులు నా భుజం మీద ఆమె గోళ్ళ గుర్తులున్నాయి.

ఆయన బతికాడు. ఆ మాఘమాసంలో నాన్న తీసుకెళ్ళినవాళ్ళలో బతికినవాళ్ళు చాలా తక్కువ. పదిహేను రోజుల తర్వాత ఆయన్ని ఇంటికి తెచ్చింది కూడా అంబాసిడరే. దిగాక ఆయన భార్య మా నాన్న కాళ్ళ మీద పడబోతే నాన్న రెండడుగులు వెనక్కి వేసి, "ఇదిగో అమ్మా, ఇట్టాంటివి నాకు పడవు" అని కసురుకున్నాడట. అప్పటినుంచి ఆ మనిషి పేటకి వచ్చినప్పుడల్లా స్టాండు దగ్గర ఆగేవాడు. నాన్న ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాడు కాదు. "ఏరా బతికినోడా, టీ తాగుతావా?" అనేవాడు. ఆయన గొంతు ఆ మందుకి బొంగురుపోయింది. నవ్వితే గరగరమనేది.

అదే నెలలో బాబాయి కాంటెస్సా పదహారు పెళ్ళిళ్ళు తిరిగింది. నేను సెలవుకి ఇంటికొస్తే ఒక కారు సెంటువాసన, ఒక కారు ఫినాయిలు వాసన. ఒకే పంపు దగ్గర బకెట్లు నింపుకుని అమ్మ ఒకదాన్నీ పిన్ని ఒకదాన్నీ కడిగేవారు. ఒకరోజు బాబాయి సరదాగా అన్నాడు, "పెళ్ళి బేరాలు నావి, చావు బేరాలు మా అన్నయ్యవి. మాకు గొడవే లేదు." అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ మాట స్టాండులోకి పాకింది, స్టాండులోంచి ఊళ్ళల్లోకి పాకింది.

పత్తి గొడవ మెల్లిగా తగ్గింది. అంబాసిడర్‌కి మాత్రం మామూలు బేరాలు తిరిగి రాలేదు. పురుటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలు ఎక్కలేదు. పెదకాకాని మొక్కుకి వెళ్ళేవాళ్ళు ఎక్కలేదు. ఆదివారం వాడరేవు పోయి సముద్రంలో మునిగొచ్చే కుర్రకారు కూడా ఎక్కలేదు. స్టాండులో వరసలో ముందు నాన్న బండి ఉన్నా దాన్ని దాటి వెనక బండి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఎవరైనా తెలియక తలుపు మీద చెయ్యి వేస్తే పక్కవాళ్ళు చెవిలో ఏదో చెప్పేవాళ్ళు, ఆ చెయ్యి వెనక్కి పోయేది. "శవాల బండి" అనేవాళ్ళని తర్వాత తెలిసింది. బతికున్న మనుషులనే అది ఎక్కువసార్లు మోసింది. ఆ సంగతి ఎవరికి కావాలి?

అమ్మ పట్టుబట్టి సీట్లు మార్పించింది. డాక్టరుగారి కాలం నాటి తోలు సీట్లవి, గోధుమ రంగువి, అంచులకి చేత్తో వేసిన కుట్టు. వాటిని పీకించి మెరూన్ రంగు రెక్సిను వేయించారు. పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పాత సీటు తోలుని దుకాణం ముందు రోడ్డు మీద పడేస్తే నాన్న నిలబడి చూస్తూ ఉండిపోయాడని బాబాయి చెప్పాడు. సీట్లు మారినా బేరాలు రాలేదు.

రెండేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం వేసవిలో ఒక సాయంత్రం ఆ బొంగురుగొంతు మనిషి మా ఇంటికి వచ్చాడు. నేను డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆయన చేతిలో శుభలేఖలు. మొదట బాబాయి వాటాలోకి వెళ్ళి ఆయనతో మాట్లాడి, ఆ తర్వాత మా వైపు వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అమ్మాయి పెళ్ళన్నా" అన్నాడు.

"మంచిదిరా బతికినోడా!" నాన్న మొహం వెలిగిపోయింది. "పెళ్ళికొడుకు ఏం చేస్తాడు?"

"నరసరావుపేటలో ఎరువుల కొట్టు."

"మందులు కూడా అమ్ముతాడా ఏంది?" అని నాన్న పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వలేదు. మంచం నవారు వేలితో లాగుతూ కూర్చున్నాడు.

"కాంటెస్సా మాట్లాడుకున్నా" అన్నాడు.

"మంచి బండి. దాంట్లో దిగితే పెళ్ళికొడుక్కి కళొస్తుంది."

"అన్నా, నువ్వు పెళ్ళికి తప్పకుండా రావాల. వదిన్నీ అమ్మాయినీ కూడా తీసుకురావాల. కాకపోతే..." ఆగాడు. "ఏమీ అనుకోమాక. నీ బండి మాత్రం ఊళ్ళోకి తేమాక. నాకేం పట్టింపు లేదు. నాకెందుకుంటదన్నా? వియ్యాలవారి తరఫు ముసలోళ్ళున్నారు."

నేను గడపలో నిలబడి విన్నాను. నాన్న కాసేపు వేపచెట్టు వైపు చూశాడు.

"సరేలేరా" అన్నాడు. "బస్సులో వస్తాంలే."

పెళ్ళికి మూడు రోజుల ముందు బాబాయి పచ్చకామెర్లు ముదిరి మంచం పట్టాడు. మాటిచ్చిన పెళ్ళి. బయటి డ్రైవరు చేతికి కాంటెస్సా ఇవ్వడం ఆయనకి ఇష్టం లేదు. "అన్నయ్యా, నువ్వే తోలు. నీ చేతిలో అయితే నాకు బెంగ లేదు" అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడు. ఆ పొద్దున ఆయన గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని కాంటెస్సా దగ్గరికి నడుస్తుంటే అమ్మ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. పెళ్ళివాళ్ళలాగా తయారయ్యాడు. అమ్మకి ఒంట్లో బాగాలేక నేనొక్కదాన్నే ఆయనతో వెళ్ళాను.

కాంటెస్సా ముందు సీట్లో కూర్చోవడం నాకదే మొదటిసారి. నాన్నకీ నాకూ మధ్య ఖాళీ. అంబాసిడర్‌లో ఆయన గేరు మారుస్తున్నప్పుడు మోచెయ్యి నాకు తగులుతూ ఉండేది. ఇక్కడ తగల్లేదు. రోడ్డు మీద గుంట ఉన్నట్టే తెలియలేదు. నాన్న టేపు పెట్టి, వెంటనే ఆపేశాడు.

నరసరావుపేట వెళ్ళి పెళ్ళికొడుకుని ఎక్కించుకుని పెళ్ళికూతురి ఊరు తెచ్చాం. పగటి ముహూర్తం. కారు దిగేటప్పుడు ఫొటోలు, బ్యాండు, అంతా బాగానే జరిగింది. ఆ మనిషి భార్య నన్ను చూసి దగ్గరికి తీసుకుంది. వంటలదగ్గరికి తీసుకెళ్ళి నాకు విడిగా పూర్ణాలు పెట్టింది. ఆమె చెయ్యి నా భుజం మీద అదే చోట పడింది. ఆమెకి గుర్తుందో లేదో నాకు తెలియదు.

భోజనాలయ్యాక కొత్త దంపతుల్ని అత్తగారింటికి పంపే వేళయింది. నాన్న కారు పందిరి ముందుకి తెచ్చి, అద్దాలు తుడిచి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళికూతురు ఏడుస్తోంది. అప్పుడు పెళ్ళికొడుకు వైపు పెద్దావిడ ఒకామె నాన్నని తేరిపార చూసి పక్కనున్నావిడతో ఏదో అంది. ఆవిడ ఇంకొకరితో అంది. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి పెళ్ళికూతురు తండ్రిని పక్కకి పిలిచాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన తలొంచుకుని నాన్న దగ్గరికి వచ్చాడు.

"అన్నా" అన్నాడు. ఆ బొంగురుగొంతు నాకు మూడడుగుల దూరంలో వినపడింది. "వాళ్ళు నిన్ను గుర్తుపట్టారు."

"అయితే?"

"ఆ బండి తోలేది ఈయనేగా అంటన్నారు. అప్పగింతలప్పుడు... పిల్ల తొలిసారి గడప దాటుతంది... తాళంచెవి ఆయనకియ్యన్నా. పెళ్ళికొడుకు మేనమామ. కారు తోలతాడు. సాయంత్రానికి నేనే దగ్గరుండి బండి మీ ఇంటికి చేరుస్తా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, ఆ రోజు మా నాన్న బండి తియ్యకపోతే మీరు ఇవాళ..."

"నువ్వు నోరు ముయ్యి!" నాన్న నామీద అరిచాడు. పందిట్లో అందరూ ఇటు తిరిగారు. ఆ మనిషి మీద అరవాల్సింది నామీద అరిచాడు. తర్వాత తాళంచెవి తీసి ఆ మేనమామ చేతిలో పెట్టి, మామూలు గొంతుతో చెప్పాడు. "రివర్సు వెయ్యాలంటే కర్రని కిందికి నొక్కి వెయ్యాలండి. క్లచ్చి కొంచెం పైనే అందుకుంటుంది. వాగు దగ్గర కల్వర్టు ఎక్కేటప్పుడు అడ్డంగా ఎక్కించండి, లేకపోతే పొట్ట తగులుద్ది."

కారు వెళ్ళిపోయింది. పెళ్ళికూతురి తల్లి గుడ్డసంచీలో లడ్లు, అరిసెలు కట్టి తెచ్చి నా చేతికివ్వబోయింది. నా మొహం చూడలేకపోయింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నాన్నే అందుకుని, "వస్తామమ్మా" అన్నాడు.

ఎండలో రెండు కిలోమీటర్లు బస్సు రోడ్డు దాకా నడిచాం. రెండువైపులా పత్తి కట్టెలు పీకేసి దున్నిన నల్ల చేలు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నాన్న ఆ మనిషి గురించి ఏమైనా అంటాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. ఊరంతా వినిపించేలా తిట్టగల మనిషి. చాలాసేపటికి అన్నాడు, "గేరు మెత్తగా పడుద్దమ్మా ఆ బండికి. వెన్నలో చెయ్యి పెట్టినట్టుంటది. మన బండి అట్టా కాదు." ఇంటికెళ్ళాక లడ్లు, అరిసెలు అమ్మకిచ్చి, వాళ్ళు బాగా చేశారని చెప్పి పడుకున్నాడు.

బాబాయికి సంగతి తెలిసి కామెర్ల ఒంటితోనే లేచి కూర్చున్నాడు. "నేనేం చేయను అన్నయ్యా" అన్నాడు. తప్పు ఆయనది కాదు. అయినా ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాట తగ్గింది. ఒకే వాకిట్లో ఒకరి తర్వాత ఒకరు బండి తీసేవారు. ఆ మనిషి మళ్ళీ స్టాండు దగ్గర ఆగలేదు. పేటకి వస్తే సెంటరు దాటి వేరే దారిలో వెళ్ళేవాడని విన్నాను.

ఇక్కడితో ఆపేస్తే తప్పంతా ఊళ్ళవాళ్ళదని తేలుతుంది. నాకదే సుఖంగా ఉంటుంది. కాని ఆ తర్వాత మూడేళ్ళకి నా పెళ్ళి కుదిరింది. అప్పటికి నేను ఒంగోలు దగ్గర ఒక స్కూల్లో టీచర్ని. పెళ్ళికొడుకూ టీచరే. వాళ్ళు ఏమీ అడగలేదు, ఎవరినీ ఏమీ ఆరా తీయలేదు. అంబాసిడర్ కథ వాళ్ళకి తెలియనే తెలియదు. అయినా పెళ్ళి పనులు మాట్లాడుకుంటున్నప్పుడు, నన్ను మండపానికి తీసుకెళ్ళే కారు సంగతి వచ్చేసరికి, నేనే అమ్మతో అన్నాను. "బాబాయి కారు చెప్పండమ్మా. అది బాగుంటుంది." నాన్న వాకిట్లో డీజిల్ పంపో ఏదో విప్పుకుని కూర్చున్నాడు. విన్నాడు. తల ఎత్తలేదు. అమ్మ నావైపు చూసిన చూపుకి నేను వెంటనే, "ఏసీ ఉంటుంది, చీర నలగదు" అన్నాను.

నిజం చెప్పాలంటే చీర గురించి కాదు. భయపడ్డాను. ఆ వాసన నాకు తెలుసు. రెక్సిను మార్చినా, పూజలు చేసినా, మంగళసూత్రం పడే రోజు ఆ వెనక సీట్లో కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ పందిట్లో తేరిపార చూసిన పెద్దావిడకీ నాకూ తేడా లేదు. ఆవిడ కనీసం నాన్న కూతురు కాదు.

నా పెళ్ళికి నాన్న చుట్టాలతోపాటు లారీలో వచ్చాడు.

తర్వాతి సంవత్సరాల్లో రెండు కార్లకీ పని పోయింది. ఫోను చేస్తే వచ్చే అంబులెన్సులు వచ్చాయి. మందు తాగినవాళ్ళని వాళ్ళే తీసుకెళ్ళసాగారు. నాన్నకి మిగిలిన ఆ ఒక్క బేరం కూడా పోయింది. పెళ్ళిళ్ళకి కొత్త కార్లు దిగాయి. కాంటెస్సా తయారీ ఎప్పుడో ఆగిపోయింది, సామాన్లు దొరికేవి కావు. షెడ్డులో దాని మీద దుమ్ము, వేపచెట్టు కింద దీని మీద ఆకులు. బాబాయి ఒక కొత్త చిన్న కారు తీసుకుని గుంటూరు స్టాండుకి మారాడు. నాన్న ఒక పత్తి జిన్నింగు మిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు.

రెండువేల ఏడులో, నేను పిల్లతో పుట్టింట్లో ఉన్నప్పుడు, పాత కార్లు సేకరించే కుర్రాడొకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. మర్యాదస్థుడు. రెండు కార్ల చుట్టూ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా తిరిగాడు. కింద దూరి చూశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. కాంటెస్సా దగ్గర చాలా సంతోషించాడు. సీట్లు, గడియారం, టేపు, చక్రాల మూతలు, అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే ఉన్నాయి. బాబాయి దాన్ని పెళ్ళికూతురిలా దాచుకున్నాడు మరి.

అంబాసిడర్ దగ్గర మాత్రం నిట్టూర్చాడు. "అంకుల్, బాడీ చాలా మంచి మోడల్. వయసు ప్రకారం దీనికే విలువ ఎక్కువ ఉండాలి. కాని ఇంజను మార్చేశారు, సీట్లు మార్చేశారు. పాత తోలు సీట్లు ఉండుంటే ఇంకో మాట. అవెందుకు తీసేశారండీ?"

నాన్న మిల్లు డ్యూటీకి వెళ్ళడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"పాతబడినయ్ బాబూ" అన్నాడు.

కాంటెస్సా అదే వారం లారీ ఎక్కి హైదరాబాదు వెళ్ళింది. దాన్ని బాగుచేసి ఏదో ప్రదర్శనలో పెట్టారని, బహుమతి కూడా వచ్చిందని బాబాయి ఫొటో చూపించాడు. అంబాసిడర్‌ని పాత ఇనుము వ్యాపారి వచ్చి వాకిట్లోనే కోశాడు. ముందు తలుపులు ఊడదీశారు. తర్వాత పైకప్పు. రెక్సిను సీట్లు ఎవరికీ అక్కర్లేదని గోడ వారగా వదిలేసి పోయారు. ఆ రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. బయటికి రాలేదు. రంపం మోత ఆగేదాకా టీవీ శబ్దం పెంచుకుని కూర్చున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆయన పక్కన కూర్చున్నాను. నాలుగేళ్ళుగా అడగాలనుకుని అడగలేని మాట అడిగాను.

"నాన్నా, నా పెళ్ళప్పుడు బాబాయి కారు కావాలన్నాగా. నామీద కోపం వచ్చిందా?"

ఆయన టీవీ చూస్తూనే ఉన్నాడు. చెప్పడనుకున్నాను.

"రాలేదంటే అబద్ధమే" అన్నాడు. "పెళ్ళి రోజు పొద్దున్నే లేచి బండి కడిగి పెట్టా. నువ్వు బయటికొచ్చి చూసి, మనసు మార్చుకుంటావేమోనని. మీ అమ్మక్కూడా చెప్పలా."

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన రిమోటు అందుకునే నెపంతో చెయ్యి పక్కకి తీసుకున్నాడు.

"ఇప్పుడు ఏడిచి ఏం చేస్తావులే" అన్నాడు. "పిల్ల లేచినట్టుంది, చూడు."